బరికి ఓ ప్రొఫెసరు కావలెను

పాలకొల్లు, పోడూరు, యలమంచిలి, ఆచంట, వీరవాసరం మండలాల కోడిపందేల బరి నిర్వాహకులు గారందరికీ నమస్కరించి రాయునది.

ఏవండీ, ఏళ్ళ తరబడి మీరు డబ్బంతా తప్పుడు మనుషుల మీద పోస్తున్నారు. చేలో గట్లు కొట్టించి నేల చదును చేయిస్తారు. షామియానాలు, ఫ్లడ్‌లైట్లు, ఎల్‌ఈడీ తెరలు, కార్లు పెట్టుకోవడానికి పక్క రైతు పొలం. పుంజుకి బాదంపప్పు, జీడిపప్పు, ఉడకబెట్టిన గుడ్డు, మేక కైమా. ఇంత చేసీ ప్రతి భోగికీ మీ గుండెలు దడదడే. 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, 1960 నాటి జంతుహింస చట్టం ఉంది, ఆపి తీరాలని 2016 డిసెంబరులో హైకోర్టు చెప్పిన మాట ఉంది. పండక్కి వారం ముందు పోలీసులు కత్తులు పట్టుకుంటారు, కత్తులు కట్టేవాళ్ళని బైండోవరు చేస్తారు, ఊరి మొగలో ఫ్లెక్సీ పెడతారు. మీరేమో నాయకుల ఇళ్ళ చుట్టూ తిరిగి, 'పై నుంచి ఫోనొచ్చింది' అన్న కబురు కోసం కాళ్ళు కాలిన పిల్లుల్లా ఎదురు చూస్తారు.

ఎందుకండీ ఈ బతుకు? మీకు కావలసింది ఎమ్మెల్యే కాదు. ప్రొఫెసరు.

హైదరాబాదు, ముంబయి, బెంగళూరు బాబులు ఏసీ గదుల్లో కూర్చుని ఫోనులోనే బరి గీశారు. పుంజు లేదు, కత్తి లేదు, రక్తం లేదు, పోలీసు జీపు లేదు. పందెం ఉండేది, కమీషను ఉండేది, ఆటగాడి జేబు ఉండేది. మన తెలుగు గడ్డ మీదే, హైదరాబాదులో, 2006లో పుట్టింది ఏస్‌టూత్రీ అనే రమ్మీ. అదే తర్వాత ఏ23 అయింది. సినిమా హీరోలు వచ్చి ఆడమన్నారు. క్రికెట్ జట్టు చొక్కా మీద ఫాంటసీ ఆటల కంపెనీ పేరు కూర్చుంది. మీ బరి దగ్గర ఏ హీరో అయినా ఫొటో దిగితే మర్నాడు క్షమాపణ చెప్పాలి. తేడా ఎక్కడుందంటారు? వాళ్ళ దగ్గర కాగితం ఉండేది. 'ఇది అదృష్టం కాదు, నేర్పు' అని చెప్పే కాగితం.

ఆ కాగితానికి మూలపురుషుడు మన రాష్ట్రం కేసే. 1963లో సికింద్రాబాదు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు పడ్డారు. రమ్మీ ఆడుతున్న పెద్దమనుషులు దొరికారు. కేసు 'ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ' పేరుతో సుప్రీంకోర్టు ఎక్కింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాశారు. మూడు ముక్కలాట వేరు, రమ్మీ వేరు. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుండాలి, ఏది చేతిలో ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి, కనుక అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అన్నారు. బాగుంది. కానీ అదే తీర్పులో ఇంకో మాట కూడా అన్నారు. డబ్బు కాసి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని లాభం తీస్తున్నట్టు సాక్ష్యం ఉంటే, అది రమ్మీ అయినా సరే, నేరం నిలబడవచ్చు అని.

అర్ధ శతాబ్దంగా మొదటి మాట ప్రకటనల్లో, వకాల్తాల్లో, టీవీ చర్చల్లో మారుమోగుతూ వచ్చింది. రెండో మాటని ఎవరో నేర్పుగా పారేసిన ముక్కల్లో కలిపేశారు. అందుకే రమ్మీని నేర్పు ఆట అంటారు కాబోలు.

ఇప్పుడు మీకు పుట్టే సందేహం నాకు తెలుసు. మీలో ఓ పెద్దాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అడుగుతారు.

"ప్రొఫెసరు గారంటే మరీ ఖరీదైపోతారేమోనండీ?"

"కారండి. మంచి డేగ పుంజు కన్నా చవకే. కాకపోతే జీతం అనకూడదు, గ్రాంటు అనాలి."

"గ్రాంటంటేనండీ?"

"మీ డబ్బేనండి. తిన్నగా ఆయన చేతిలో పెడితే లంచంలా కనపడుద్ది. యూనివర్సిటీ ఖాతాలో పడి, అక్కడ కొంత ఆగి, మిగతాది ప్రాజెక్టు పేరు మీద ఆయనకి చేరితే విజ్ఞానం అవుద్ది."

"ఆయ్. మరి మన తిండి తిని మన మీదే రాసేస్తేనండీ?"

"ఒప్పందంలో ఒక లైను పెట్టించండి, అచ్చుకి పంపేముందు మీకు చూపించాలని. ఆయన పంపుతాడు. మీరు చూస్తున్నామనండి. సంక్రాంతి వెళ్ళి సంక్రాంతి వచ్చేదాకా చూస్తూనే ఉండండి."

"అబద్ధాలు రాయమనాలంటే నాకు సిగ్గండీ."

"అయ్యో, అబద్ధం ఒక్కటి కూడా అక్కర్లేదండి. ప్రశ్న మీరు ఇవ్వండి, చాలు."

ఇక్కడే ఉందండీ కిటుకంతా. డబ్బు తీసుకున్న పరిశోధకుడు దొంగలెక్కలు రాస్తాడని జనం అనుకుంటారు. నూటికి తొంభై సార్లు ఆ అవసరమే రాదు. బుద్ధిమంతుడు, లెక్క తప్పనివాడు, రాత్రింబవళ్ళు కష్టపడేవాడు దొరికితే మీకు మరీ మంచిది. 'ఇందులో నేర్పు ఎంత?' అని అడగండి, నిజాయితీగా కొలిచి ఇస్తాడు. 'ఆడినవాళ్ళలో ఎంతమంది ఎంత పోగొట్టుకున్నారు, ఆ పోయినదాంట్లో బరి వాటా ఎంత?' అన్న ప్రశ్న ఆయనకి మీరు ఇవ్వరు. ఆయన అడగడు. గ్రాంటు దరఖాస్తులో ఆ గడి లేదు మరి.

మనకి ఇది కొత్త విద్య కూడా కాదు. కుక్కుట శాస్త్రం ఉంది కదా! ఏ నక్షత్రం నాడు, ఏ జాములో, ఏ దిక్కు నుంచి దింపితే డేగ మీద కాకి గెలుస్తుంది, నెమలి మీద పర్ల ఎప్పుడు నెగ్గుతుంది, సేతువని ఏ పూట దింపకూడదు, అన్నీ రాసి ఉంటాయి. భోగి నాడు బరి గట్టు మీద ఆ చిన్న పుస్తకం చేత్తో పట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, వేలితో పట్టిక వెంట నడిచే పెద్దమనిషిని చూడండి. ఆయన ముఖంలో ఉన్నంత ఏకాగ్రత పీహెచ్‌డీ వైవాలో కూడా ఉండదు. అంత శాస్త్రంలోనూ వెతికితే దొరకనిది ఒక్కటే. రంగు ఏదైనా, దిక్కు ఏదైనా, సాయంత్రానికి లెక్క చూసుకుంటే లాభంతో ఇంటికెళ్ళేది బరి నిర్వాహకుడు అన్న ముక్క. శాస్త్రకారుడికి తెలియక కాదు. అది ఎవరూ అడగలేదు.

ఫోను ఆటలవాళ్ళు చేసింది ఈ శాస్త్రానికి ఇంగ్లీషు వేషం కట్టడమే. అందులో ఓ ప్రమాదం ఉంది, మీరు ముందే తెలుసుకోవడం మంచిది. 'నేర్పు ఆట' అని రుజువు చేయడమంటే ఏమిటో కాస్త ఆలోచించండి. నేర్పున్నవాడు మళ్ళీ మళ్ళీ గెలుస్తాడని చూపించాలి. అంటే నేర్పు లేనివాడు మళ్ళీ మళ్ళీ ఓడతాడని కూడా చూపించినట్టే. బొమ్మా బొరుసూ ఆటలో కొత్తవాడికి సగం ఆశ అయినా ఉంటుంది. నేర్పు ఆటలో అది కూడా లేదు. 2015లో అమెరికాలో రోజువారీ ఫాంటసీ బేస్‌బాల్ లెక్కలు తీస్తే, ఆటగాళ్ళకి వచ్చిన లాభాల్లో 91 శాతం నూటికి 1.3 మంది ఎగరేసుకుపోయారని తేలింది. మిగిలినవాళ్ళు ఆ కొద్దిమందికీ, కంపెనీ కమీషనుకీ మేత. కోర్టులో 'అయ్యా, ఇది నేర్పు' అని చూపించే పట్టికనే, గుమ్మంలో నిలబడ్డ కుర్రాడికి చూపిస్తే 'ఒరేయ్, నువ్వు ఓడిపోతావు' అని చెప్పాలి. ఒకటే పట్టిక. దాన్ని జడ్జిగారికి చూపించారు. కుర్రాడికి క్యాష్ బోనస్ చూపించారు.

మీరు ప్రొఫెసరుని పెట్టుకుంటే మొదటి సర్వే ఎలా ఉండాలో నేనే రాసి పెట్టాను, ఉచితంగా. కనుమ నాడు సాయంత్రం ఐదింటికి, బరి చుట్టూ నిలబడినవాళ్ళని 'మీకు సంతోషంగా ఉందా?' అని అడగాలి. ఉందంటారు. చేతిలో నోట్లకట్ట ఉన్నవాడు, పక్కన పకోడీ పొట్లం ఉన్నవాడు, పొద్దుటి నుంచీ గొంతు చించుకున్నవాడు ఏడుస్తున్నానంటాడా? మధ్యాహ్నం రెండు గంటలకే జేబు ఖాళీ చేసుకుని, మోటారు సైకిలు కుదువ పెట్టి, నరసాపురం బస్సు ఎక్కేసినవాడు శాంపిల్‌లో ఉండడు, ఎందుకంటే వాడు అక్కడ లేడు. గుండాట బల్ల దగ్గర తాళి తాకట్టు డబ్బు పోసినవాడి పెళ్ళానికి ప్రశ్నాపత్రం చేరదు, ఎందుకంటే ఆవిడ ఆటగత్తె కాదు. పుంజు అభిప్రాయం సేకరించడం కుదరలేదని పరిమితుల విభాగంలో ఓ వాక్యం రాస్తే సరి. ముగింపు: కోడిపందెం ఒంటరితనాన్ని తగ్గిస్తుంది, బంధుత్వాలు పెంచుతుంది, నక్షత్ర జ్ఞానాన్ని నిలబెడుతుంది, జీడిపప్పు రైతుకి ఆసరా అవుతుంది. ఇంకా పరిశోధన అవసరం. ఇంకా పరిశోధన అంటే ఇంకా గ్రాంటు.

దానితో పాటు ఓ కన్సల్టెన్సీ నివేదిక కూడా రాయించుకోండి, బైండు మంచిది వేయించాలి. 2022లో ఫాంటసీ ఆటల కంపెనీల సమాఖ్య, డెలాయిట్ కలిసి అచ్చు వేసిన నివేదికలో ఆ రంగం 2025 ఆర్థిక సంవత్సరానికి 1,65,000 కోట్ల రూపాయలకి చేరుతుందని జోస్యం చెప్పారు. ఆ సంవత్సరం ముగిసిన కొద్ది నెలలకే, 2025 ఆగస్టులో, పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నేర్పా అదృష్టమా అన్న తేడా లేకుండా నిషేధించింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. మన శాస్త్రం చేతబట్టిన పెద్దమనిషి కూడా ముందున్న గొయ్యి చూడకుండా ఇలా జోస్యం చెప్పడు. ఆయన పొరపాటు పడితే కనీసం పుంజుని మారుస్తాడు.

అసలు పరిశోధకులందరూ ఇలాగే దొరుకుతారనుకోకండి. కొందరు మహా మొండివాళ్ళు. ఆక్స్‌ఫర్డ్ ఇంటర్నెట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆండ్రూ ప్షిబిల్స్కీ బృందం ఉంది. 2020లో వీడియో గేములు తయారుచేసే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, నింటెండో కంపెనీల దగ్గరికి వెళ్ళి, మీ డబ్బు వద్దు, ఎవరు ఎంతసేపు ఆడారో ఆ లెక్క మాత్రం ఇవ్వండి అన్నారు. 3,274 మంది మీద చేసిన ఆ అధ్యయనంలో ఎక్కువ ఆడినవాళ్ళు కాస్త ఎక్కువ కులాసాగా ఉన్నట్టు కనిపించింది. 'వీడియో గేములు మంచివి' అని ప్రపంచమంతా పతాక శీర్షికలు. ఆడితే కులాసానా, కులాసా ఉంటే ఆడతారా అన్నది ఆ అధ్యయనం చెప్పలేదు, చెప్పినట్టు వాళ్ళూ అనలేదు. 2022లో అదే బృందం ఏడు కంపెనీల నుంచి దాదాపు 39,000 మంది ఆట లెక్కలు తెచ్చి ఇంకా గట్టిగా చూసింది. ఆడిన సమయానికీ మనసు బాగోగులకీ చెప్పుకోదగ్గ సంబంధమేదీ లేదని తేలింది. మంచీ లేదు, చెడూ లేదు. దాని శీర్షికలు మొదటివాటంత పెద్ద అక్షరాల్లో రాలేదు. చప్పటి నిజానికి పతాక శీర్షిక ఎవరిస్తారు?

వీళ్ళని మాత్రం బరి దరిదాపులకి రానివ్వకండి. ఏ ప్రశ్న అడగబోతున్నారో ముందే రాసి బయటపెడతారు. లెక్కలన్నీ ఎవరైనా తిరగేసుకోండని పరుస్తారు. మీరు 'చూస్తున్నాం' అని నొక్కిపెట్టే లైనుకి సంతకం పెట్టరు. ఇలాంటివాడు దొరికితే భోజనం పెట్టి పంపించేయండి.

అయినా వాళ్ళకీ ఒక చిక్కుంది, అదే మీకు ధైర్యం. లెక్కల పుస్తకం ఎవరి దగ్గరుంది? కంపెనీ దగ్గర. ఎవడు రాత్రి రెండింటికి ఫోను తెరిచాడు, ఎవడు ఓడిన కోపంతో పందెం రెట్టించాడు, ఎవడు జీతం పడిన గంటలో అంతా ఊడ్చాడు, నిమిషం తేడా లేకుండా కంపెనీకి తెలుసు. బయటివాడికి తెలియాలంటే కంపెనీ దయ తలచాలి. పిల్లలు ఆడే సమయం మీద చైనా 2019లో పెట్టిన ఆంక్షలు పని చేశాయా అని చూసిన అధ్యయనం 2023లో వచ్చింది. యూనిటీ అనే సంస్థ ఇచ్చిన 700 కోట్ల గంటల ఆట లెక్కలు తిరగేస్తే, విపరీతంగా ఆడటం తగ్గిన ఆనవాలు కనిపించలేదు. అంత పెద్ద ప్రభుత్వం వేసిన తాళం పట్టిందో లేదో చూడాలన్నా ఓ కంపెనీ అటక మీది పుస్తకమే దిక్కయింది. కాబట్టి, పందెం లెక్కల చిట్టా భద్రం. అడిగినవాడికల్లా ఇవ్వకండి. అనుకూలంగా రాసేవాడికి ఇవ్వండి, అదీ అనుకూలమైన పేజీలు.

మీ వ్యతిరేకుల సంగతీ చెప్తాను, మీ మనసు చల్లబడుతుంది. ఆటలు చెడ్డవని చెప్పేవాళ్ళందరూ గోదావరి నీళ్ళంత స్వచ్ఛంగా ఉంటారని ఎవరన్నారు? (ఆ నీళ్ళు కూడా పాలకొల్లు కాలవలోకి వచ్చేసరికి ఏమవుతాయో మనకి తెలుసు.) 2012లో అమెరికాలో ఓహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ పత్రం ఒకటి వచ్చింది, తుపాకీ ఆట ఆడినవాళ్ళు నిజం గురి కూడా తల మీదే పెడతారని. భయపెట్టే మాట కదా, బాగా చెల్లింది. తర్వాత వేరే ఇద్దరు పరిశోధకులు అంకెలు కలవడం లేదని పట్టుకున్నారు. 2017లో పత్రికవాళ్ళు ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు, ఒక రచయిత డాక్టరేటు కూడా రద్దయింది. అక్కడ కంపెనీ సొమ్ము లేదు. పేరుంది, పదవుంది, టీవీ వాళ్ళ పిలుపుంది. ఇవి కూడా ప్రయోజనాలే. 'పిల్లలు పాడైపోతున్నారు' అన్న కేకకీ గిరాకీ ఉంది, దాని మీద బతికేవాళ్ళూ ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థనే చూడండి. 2019 మేలో గేమింగ్ వ్యసనాన్ని రోగాల పట్టికలో చేర్చింది. 2020 మార్చిలో కరోనా రాగానే, ఇంట్లో ఉండి విడివిడిగా కలిసి ఆడుకోండన్న గేమింగ్ కంపెనీల ప్రచారానికి తనూ గొంతు కలిపింది. రెండూ తప్పని అనను. ఎవరికి ఎప్పుడు ఏ మాట అవసరమో ఆ మాట బయటికి వస్తుందనడానికి చెబుతున్నాను.

ఇక మన ప్రభుత్వాలు. తెలంగాణ 2017లో ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబరులో 1974 చట్టాన్ని సవరించి నిషేధించింది. 132 సైట్లు, యాప్‌లు ఆపమని అప్పటి ముఖ్యమంత్రి కేంద్రానికి ఉత్తరం రాశారు. కేంద్రం ఏం చేసింది? 2023 అక్టోబరు 1 నుంచి ఆటగాడు వేసే ప్రతి రూపాయి పూర్తి విలువ మీద 28 శాతం జీఎస్టీ తీసుకుంది. మీరు మొత్తం పందెం మీద అంత కమీషను అడిగితే మీ పుంజుల్నే ఎత్తుకెళ్ళిపోతారు జనం. దాదాపు రెండేళ్ళు ఆ వాటా తిన్నాక, 2025 ఆగస్టులో, 45 కోట్ల మంది ఏడాదికి 20,000 కోట్ల రూపాయల దాకా పోగొట్టుకుంటున్నారన్న అంచనాతో కేంద్రం మేలుకుంది. 45 కోట్లంటే దేశంలో ముగ్గురిలో ఒకరికి దగ్గర, ఉయ్యాల్లో పిల్లల్తో సహా. బరిలో వాటా ఉన్నంతకాలం ప్రభుత్వానికి ఓడినవాళ్ళు కనిపించలేదు. వాటా వదులుకున్న రోజున మూడో వంతు దేశం ఓడినట్టు కనిపించింది. రెండు చూపులకీ కళ్ళజోడు ఒక్కటేనా అని నా అనుమానం. నిషేధం మంచిదే కావచ్చు. అయితే దాని కింద పరిచిన అంకెని కంపెనీ అంకెని దులిపినట్టే దులపాలి.

మీరు దిగులు పడకండి, పెద్ద పెద్దవాళ్ళు నడిచిన దారే ఇది. రాజమండ్రి పొగాకు వర్తకులకి చెప్పండి, వాళ్ళకి తెలిసే ఉంటుంది: 1954 జనవరిలో అమెరికా సిగరెట్టు కంపెనీలు నాలుగు వందలకి పైగా పత్రికల్లో ప్రకటన వేసి, మీ ఆరోగ్యమే మాకు ముఖ్యం, పరిశోధనకి డబ్బిస్తాం అన్నాయి. ఇచ్చాయి కూడా. దశాబ్దాల పాటు ఆ పరిశోధన 'ఇంకా తేలలేదు' అంటూనే నడిచింది. తణుకు పంచదార తిన్న నోటితో ఇంకోటి వినండి: 1967లో ఓ పేరున్న వైద్య పత్రికలో హార్వర్డ్ వాళ్ళు గుండెజబ్బు నేరం కొవ్వు మీదకి తోసి, పంచదారని పక్కకి తప్పించారు. దానికి పంచదార పరిశ్రమ 6,500 డాలర్లిచ్చిందని 2016లో బయటపడింది. అరవై ఏళ్ళ నాడు ఆ మాత్రం డబ్బుకి హార్వర్డ్ దొరికింది. మీకు ఇక్కడ ఆ రేటు పడదు, భయపడకండి.

ఒక్క చెడ్డకబురు. బ్రిటన్‌లో జూదం కంపెనీలు ఇష్టపూర్వకంగా విరాళాలిచ్చి తమ మీద పరిశోధనా, తమవల్ల చెడినవాళ్ళకి వైద్యమూ నడిపించేవి. 2025 ఏప్రిల్ నుంచి అది విరాళం కాదు, పన్నులా వసూలు. అందులో ఐదో వంతు పరిశోధనకి, అదీ ప్రభుత్వ పరిశోధన మండలి చేతుల మీదుగా. డబ్బు కంపెనీదే, ప్రొఫెసరుని ఎంచుకునే చెయ్యి కంపెనీది కాదు. ప్రశ్న కూడా కంపెనీది కాదు. బరివాడి దగ్గర సొమ్ము తీసుకుని బరివాడికి కనపడకుండా పందెం తూకం వేయడమన్నమాట. ఆ గాలి గోదావరి దాటి వచ్చిందంటే నేను మీకు ఇచ్చిన సలహా అంతా బూడిదలో పోసిన పన్నీరే. కాబట్టి త్వరపడండి.

ఈ ఉత్తరాన్ని భుజం మీదుగా తొంగి చూసి చదువుతున్న మామూలు జనం కొందరున్నారని నాకు తెలుసు. వాళ్ళతో ఒక మాట, నిర్వాహకులు కాసేపు చెవులు మూసుకోవాలి. 'గేములు ఆడితే మెదడు చురుకు' అని గానీ, 'గేములు ఆడితే మెదడు చెడు' అని గానీ పేపర్లో పడితే, మీవాడి చేతిలో ఫోను పెట్టేముందూ లాక్కునేముందూ, డబ్బు ఎవరిదో చూడండి. లెక్కలు ఎవరిచ్చారో చూడండి. అచ్చు ఆపే హక్కు ఎవరి దగ్గరుందో అడగండి. మన విశ్వవిద్యాలయాల్లో చదువుకునే పిల్లలున్నవాళ్ళు వాళ్ళ ద్వారానే అడిగించండి, ఏ కంపెనీతో ఒప్పందం చేసుకున్నా ఆ కాగితం నోటీసు బోర్డు మీద అంటించమని. అంటించడానికి సిగ్గుపడే ఒప్పందం చేసుకోవద్దని. పాలకొల్లులో లంకపొలం పాట పాడినా దండోరా వేసి పాడతారు, చదువుల పాట గుట్టుగా ఎందుకు పాడాలి?

ఆ, ఇక చెవులు తెరవండి.

చివరిగా, పత్రాల్లో అచ్చు వేసినట్టు నేనూ నా ప్రయోజనాలు వెల్లడించాలి. ఈ ఉత్తరం రాయడానికి ఏ యాప్ కంపెనీ నుంచీ, ఏ యూనివర్సిటీ నుంచీ, ఏ బరి నుంచీ పైసా తీసుకోలేదు. అయితే కిందటి కనుమ నాడు మీలో ఒకరింటి నుంచి స్టీలు క్యారేజీలో పందెంలో పోయిన పుంజు కూర వచ్చింది, ఇంటిల్లిపాదీ తిన్నాం. కోడిపందేల మీద నేను మెత్తగా రాశానని ఎవరికైనా అనిపిస్తే, కారణం ఆ క్యారేజీ.